పాత మిలిటరీ ట్రక్కును మంచు ప్రాంతానికి తయారుచేయడం: కరెంటు పని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం పక్కనుంచి పోయే 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి ఉత్తరానికి తిరిగితే, రోడ్డు మారకుండా శ్రీనగర్ దాకా పోవచ్చు. మన జిల్లాల్లో డిస్పోజల్‌లో, అంటే సైన్యం వాడి అమ్మేసినప్పుడు, కొన్న పాత మిలిటరీ బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. వాటిని బాగుచేసుకుని లదాఖ్ వైపు పోవాలనుకునే వాళ్లు, పని మీద ఆ కొండల్లోకి పంపే వాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఒకటే రకం ప్రశ్నలు. అవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అన్నా, మన అనంతపురంలో చలి యాడుంది? ఈ పని మనకెందుకు?

బండి ఇక్కడే తిరిగేదైతే అవసరం లేదు. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా బ్యాటరీని ఇబ్బంది పెట్టేంత చలి ఉండదు. కానీ సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో చలికాలం రాత్రి మైనస్ 15 దాకా పడిపోవడం మామూలు. అదే లదాఖ్‌లోని ద్రాస్ ఇంకా చల్లగా ఉంటుంది. ఇక్కడ నలభై దాటిన ఎండలో బతికిన బండి అక్కడికి పోతే తేడా యాభై అయిదు డిగ్రీలకు తక్కువుండదు. ఆ తేడాను మొదట మోయాల్సింది బ్యాటరీ, సెల్ఫ్ (ఇంజన్‌ను మొదట తిప్పే స్టార్టర్ మోటర్), వాటి మధ్యనున్న తీగలు.

చలికి అసలు ఏమవుతుంది?

రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర అది ఇవ్వగలిగిన స్టార్టింగ్ బలం మూడింట రెండు వంతులకు వస్తుంది. మైనస్ 18 దగ్గర సగం కూడా ఉండదు, నూటికి నలభై అనుకోండి. అదే సమయంలో ఇంజన్ ఆయిల్ చిక్కబడి, ఇంజన్‌ను తిప్పడానికి రెండింతలు, అంతకన్నా ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. ఇచ్చేవాడు చిక్కిపోయినప్పుడే అడిగేవాడు పెరిగినట్టు.

దీనికి ఎత్తు తోడవుతుంది. 5,000 మీటర్ల మీద గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 60 శాతమే. డీజిల్ ఇంజన్ గాలిని నొక్కి పుట్టించే వేడితోనే మండుతుంది కాబట్టి, గాలి పలుచనై, పైగా చల్లగా ఉంటే ఆ వేడి చాలదు. సెల్ఫ్ ఇంకాస్త వేగంగా, ఇంకాస్త సేపు తిప్పాలి. ఒక విషయం మాత్రం మనకు అనుకూలం. రాగి తీగకు చలి మంచిదే, చల్లబడేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. కాబట్టి చలిలో తీగలు పాడవుతాయనడం పూర్తి నిజం కాదు. ముందే పాడైన జాయింట్లు చలిలో బయటపడతాయి.

ఇక్కడ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. మరి అక్కడెందుకు మొండికేస్తుంది?

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన బండ్ల బ్యాటరీలను చంపేది చలి కాదు, మన మే నెల. బ్యాటరీ వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ పనిలో పాత లెక్క ఒకటుంది. బానెట్ కింద, ఎండకు కాలే ఇనుప పెట్టెలో రెండు వేసవులు గడిపిన బ్యాటరీ లోపల ప్లేట్లు తినేసుకుపోయి ఉంటాయి. నీళ్లు ఆవిరై ప్లేట్ల పైభాగం బయటపడి, తెల్లగా సల్ఫేట్ కట్టి ఉంటుంది. అయినా ఇక్కడి వేడికి ఆయిల్ నీళ్లలా ఉంటుంది కాబట్టి, సగం బలమున్న బ్యాటరీ కూడా ఇంజన్‌ను తిప్పేస్తుంది. ఆ జబ్బు ఇక్కడ కనబడదు. కశ్మీరు నుంచి లదాఖ్‌లోకి పోయే సోజిలా కనుమ దాటిన మొదటి తెల్లవారుజామున కనబడుతుంది. అందుకే చలికి తయారుచేయడమంటే నా దృష్టిలో ముందు ఎండ చేసిన నష్టాన్ని వెతికి తీసేయడమే.

24 వోల్టుల బండిని 12కు మార్చేస్తే సామాన్లు సులభంగా దొరుకుతాయి కదా?

వారానికి ఒకరైనా అడుగుతారు. దయచేసి మార్చొద్దు. పెద్ద మిలిటరీ ట్రక్కులకు 24 వోల్టులు పెట్టింది ఊరికే కాదు. లెక్క వేసి చూద్దాం.

సెల్ఫ్ 24 వోల్టుల మీద 400 ఆంపియర్లు లాగుతోందనుకోండి. అదే పని 12 వోల్టుల మీద చేయాలంటే 800 ఆంపియర్లు కావాలి. పోయే తీగ, తిరిగొచ్చే తీగ కలిపి 5 మీటర్లు, మందం 70 స్క్వేర్ ఎంఎం రాగి అనుకుంటే, 24 వోల్టుల బండిలో తీగలో పోయేది అర వోల్టు చిల్లర. అంటే నూటికి రెండు. 12 వోల్టుల బండిలో ఒక వోల్టు పైగా పోతుంది. నూటికి తొమ్మిది. నష్టం రెండింతలు కాదు, నాలుగింతలు. ఇక్కడ మనకు తొమ్మిది శాతం పోయినా తెలియదు. బ్యాటరీయే నలభై శాతానికి పడిపోయిన చోట ఆ తొమ్మిదే బండిని ఆపేస్తుంది.

ఇంకో సంగతి. ఆ దారిలో తిరిగే భారీ బండ్లు, ఆర్మీ ట్రక్కులు చాలావరకు 24 వోల్టులవే. మీ బండి ఆగినప్పుడు బ్యాటరీ అందించగలిగేది వాళ్లే. 12 వోల్టుల బండికి వాళ్ల కరెంటు నేరుగా ఇస్తే బల్బులు, మీటర్లు మాడిపోతాయి.

అయితే మోడల్ పేరు విని మీ బండి 24 అనో 12 అనో తేల్చుకోవద్దు. జబల్పూర్‌లో 1959లో మొదలై 1996 దాకా తయారైన శక్తిమాన్ ట్రక్కు కావచ్చు, తర్వాత వచ్చిన స్టాలియన్ ట్రక్కు కావచ్చు, డిస్పోజల్ తర్వాత ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం మార్చారో తెలియదు. సెల్ఫ్ మీదున్న ప్లేటు చదవండి, బల్బుల మీద వోల్టేజీ చూడండి, రెండు బ్యాటరీలు వరసలో (24 వోల్టులు) ఉన్నాయో పక్కపక్కన (12 వోల్టులు) కలిపారో తీగ పట్టుకుని పోయి చూడండి.

అన్నీ ఒకేసారి మార్చే డబ్బు లేదు. ముందు ఏది?

ఎర్త్, అంటే కరెంటు ఇంజన్, చాసిస్ ఇనుము మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారి. తర్వాత లావు కేబుళ్లు. తర్వాత బ్యాటరీలు. ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆ తర్వాతే. చాలామంది సరిగ్గా తలకిందులుగా చేస్తారు. నేనూ మొదటిసారి అలాగే చేసినాను.

గుత్తి వైపు నుంచి వచ్చిన ఒక డిస్పోజల్ బండికి నేను కొత్త బ్యాటరీలు రెండు, కొత్త ఆల్టర్నేటర్, దాని వోల్టేజీని అదుపులో పెట్టే కొత్త రెగ్యులేటర్ వేసి పంపినాను. ఇక్కడ సెల్ఫ్ గిర్రున తిరిగేది. ద్రాస్ దగ్గర నుంచి పొద్దున ఐదున్నరకు ఫోన్ వచ్చింది. సెల్ఫ్ కొడితే టక్, టక్ అంటోంది, లైట్లు మాత్రం బాగానే ఉన్నాయి అన్నాడు. లైట్లు బాగున్నాయంటే బ్యాటరీ ఉంది. కరెంటు తిరిగొచ్చే దారి లేదు. జంపర్ కేబుల్ తీసి ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస నేరుగా ఇంజన్ బాడీ మీద గీకిన ఇనుముకు పట్టించమన్నాను. మూడో ప్రయత్నానికి ఇంజన్ లేచింది. ఆ శబ్దం ఫోన్‌లో విన్నాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

బండి తిరిగొచ్చాక ఆ ఎర్త్ బోల్టు విప్పి చూసినాను. మిలిటరీ బండికి సర్వీసులో ఉన్నంతకాలం రంగు మీద రంగు కొట్టి ఉంటారు. చాసిస్‌కు లగ్గు (కేబుల్ కొసన బోల్టుకు బిగించే రింగు) బిగించిన చోట రంగు పొరలు చెట్టు బెరడులా లేచి ఉన్నాయి. వాటి కింద ఇటుక పొడిలాంటి తుప్పు. లగ్గు ఇనుముకు తాకుతున్నది బోల్టు మరల దగ్గర మాత్రమే. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి చాసిస్‌కు దానికి కరెంటు దారి ఆ అల్లిన పట్టీ ఒక్కటే. ఆ పట్టీ కూడా సగం పోగులు తెగి, ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. కొత్త బ్యాటరీ బలమంతా ఆ ఒక్క చోట ఆగిపోయింది. అప్పటినుంచి ఏ బండి వచ్చినా నేను మొదట పట్టేది ఇనుప బ్రష్షు, ఎమరీ కాగితం.

చేయాల్సింది ఇదీ. బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా సెల్ఫ్ మోటర్ బిగించిన బోల్టుకే ఒక లావు కేబుల్ వేయండి. చాసిస్ మీద ఆధారపడొద్దు. ఇంజన్ నుంచి చాసిస్‌కు వేరే పట్టీ, క్యాబిన్‌కు వేరే పట్టీ. ప్రతి చోటా రంగు పూర్తిగా గీకి, ఇనుము తళతళలాడాక బిగించి, బిగించిన తర్వాత పైన వేజలైన్ పూయండి. లగ్గు కింద పూయకూడదు, పైనే.

జాయింట్ బాగుందో లేదో కంటికి తెలుస్తుందా?

తెలియదు. మల్టీమీటర్ కావాలి, సెల్ఫ్ తిరుగుతుండగా చూడాలి. ఇంజన్‌కు డీజిల్ ఆపే స్టాప్ కేబుల్ లాగి పెట్టి, ఇంజన్ అందుకోకుండా పది సెకన్లు తిప్పమని ఒకరికి చెప్పండి. ఆ పది సెకన్లలో మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ పోస్టు మీద, అంటే టెర్మినల్ మీద కాదు, సీసం పోస్టు మీదే, ఇంకో పుల్ల సెల్ఫ్ బాడీ మీద పెట్టండి. 0.3 వోల్టు దాటితే ఎక్కడో దారి మూసుకుపోయింది. ప్లస్ వైపు బ్యాటరీ పోస్టు నుంచి సెల్ఫ్ లావు బోల్టు దాకా 0.5 దాటనీయను. దాటితే ఒక్కో జాయింటు అటూ ఇటూ పుల్లలు పెట్టి వెతుకుతూ పోతే దొంగ దొరుకుతాడు. ఆ ద్రాస్ బండికి ఇక్కడే ఈ పరీక్ష చేసి ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. ఎండలోనైనా ఈ పరీక్ష నిజమే చెబుతుంది.

కేబుల్ ఏది కొనాలి? ఎక్కడ దొరుకుతుంది?

పెద్ద ట్రక్కుకు 70 స్క్వేర్ ఎంఎంకు తగ్గొద్దు. నేను వాడేది వెల్డింగ్ కేబుల్. సన్న పోగులుంటాయి, రబ్బరు తొడుగు ఉంటుంది, చలిలోనూ మెత్తగా వంగుతుంది. మామూలు పీవీసీ తొడుగు గట్టి చలిలో బిగుసుకుని, కదిలిస్తే పగులుతుంది. తాడిపత్రి లాంటి బండల పరిశ్రమ ఊళ్లలో వెల్డింగ్ సామాన్ల షాపులు ఉంటాయి, అక్కడ మంచి సరుకు దొరుకుతుంది. కొనేముందు ఒక పోగు బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత, వద్దు.

లగ్గు రాగిది, హైడ్రాలిక్ ప్రెస్‌తో నొక్కించుకోండి. సుత్తి, ఉలితో కొట్టింది కొన్నాళ్లకు వదులవుతుంది. సీసం పోసి అతికించడం కూడా నాకు ఇష్టం లేదు. సీసం పీల్చుకున్న పోగులు కర్రలా బిగుసుకుని, ఆ అంచు దగ్గరే తెగుతాయి.

బ్యాటరీ ఎన్ని ఏహెచ్‌ది వేయాలి? ఇన్వర్టర్ బ్యాటరీ పెద్దది కదా, అది వేయొచ్చా?

ఇన్వర్టర్ బ్యాటరీ వద్దు. అందులో ప్లేట్లు లావు, కరెంటు నెమ్మదిగా గంటల తరబడి ఇవ్వడానికి చేసింది. సెల్ఫ్‌కు కావాల్సింది కొన్ని సెకన్ల పాటు వరదలాంటి కరెంటు. దానికి పలుచని ప్లేట్లు, ఎక్కువ సంఖ్యలో ఉండాలి.

ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ మొత్తం దాచుకునే కరెంటు) కన్నా డబ్బా మీద సీసీఏ (కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు) అని రాసిన అంకె చూడండి. మైనస్ 18 డిగ్రీల్లో, 30 సెకన్ల పాటు, 12 వోల్టుల బ్యాటరీ 7.2 వోల్టులకు దిగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అది చెబుతుంది. మనకు ఇక్కడ ఎన్నడూ అవసరం పడని అంకె, అక్కడ అదొక్కటే అవసరం. రెండు బ్యాటరీలూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే నెలలో తయారైనవి తీసుకోండి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వరసలో కలిపితే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

లిథియం గురించి ఈమధ్య ఎక్కువ అడుగుతున్నారు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులను సున్నా కంటే తక్కువలో చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా పాడవుతాయి. వేడిచేసే ఏర్పాటు లేకుండా ఆ దారికి పనికిరావు. క్యాబిన్ లోపల ఫ్రిజ్, లైట్లకు విడిగా పెట్టుకుంటే పెట్టుకోండి, సెల్ఫ్‌కు మాత్రం సీసం బ్యాటరీయే.

యాసిడ్ గ్రావిటీ పెంచితే గడ్డకట్టదంట, నిజమేనా?

సగం నిజం. ఆ సగం నిజంతో చాలా బ్యాటరీలు పాడయ్యాయి.

ఎలక్ట్రోలైట్, అంటే బ్యాటరీలోని యాసిడ్ కలిసిన నీళ్లు, గడ్డకట్టే చోటు గ్రావిటీ (నీటితో పోలిస్తే అది ఎన్ని రెట్లు బరువో చెప్పే అంకె) మీద ఆధారపడుతుంది. 1.250 దగ్గర మైనస్ 50 దాకా గడ్డకట్టదు. 1.200కు వస్తే మైనస్ 27. 1.150కు మైనస్ 15. 1.100కు వస్తే మైనస్ 7, 8 దగ్గరే గడ్డ. మన వేడి ప్రాంతాల్లో ప్లేట్లు తొందరగా తినేయకుండా యాసిడ్ కాస్త పలుచగానే, పూర్తి చార్జ్‌లో 1.240 ప్రాంతంలో ఉండేట్టు పోస్తారు. పూర్తి చార్జ్‌లో ఉన్నంతవరకు అది లదాఖ్‌కు కూడా చాలు. ఇబ్బంది ఎక్కడంటే, పలుచటి యాసిడ్‌తో మొదలైన బ్యాటరీ చార్జ్ దిగేకొద్దీ చిక్కటిదానికన్నా ముందే గడ్డకట్టే గీతకు చేరుతుంది. రాత్రంతా లైటు వేసి మరిచిపోయిన బ్యాటరీ తెల్లారేసరికి పగిలిన డబ్బా అవుతుంది.

కాబట్టి పాత బ్యాటరీలో యాసిడ్ కలపొద్దు. గ్రావిటీ తక్కువ చూపిస్తుంటే చాలాసార్లు యాసిడ్ ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్‌గా మారి ప్లేట్లకు అతుక్కుని ఉంది. చార్జింగ్ పెడితే అది తిరిగొస్తుంది. నువ్వు పైనుంచి యాసిడ్ పోస్తే, చార్జ్ అయ్యాక రెండూ కలిసి ప్లేట్లను తినేస్తాయి. తగ్గింది నీళ్లయితే డిస్టిల్డ్ వాటర్ పోయండి. మన బోరు నీళ్లు అస్సలు వద్దు, ఆ ఉప్పు, సున్నం ప్లేట్లకు విషం. నీళ్లు పోశాక వెంటనే చార్జింగ్ పెట్టండి, లేకపోతే మంచులో పైన తేలిన నీరు విడిగా గడ్డకడుతుంది.

గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ చూసేటప్పుడు వేడి లెక్క మరవొద్దు. మన దగ్గర అంకెలు 27 డిగ్రీలకు చెబుతారు. ప్రతి డిగ్రీకి 0.0007 తేడా. 42 డిగ్రీల మధ్యాహ్నం 1.230 చూపిస్తే అసలు 1.240. సున్నా డిగ్రీల దగ్గర 1.260 చూపిస్తే సంతోషపడొద్దు, అసలు అది కూడా 1.240 చిల్లరే.

పక్కలు ఉబ్బి, మూత తీస్తే లోపల మంచు కనిపించిన బ్యాటరీని చార్జ్ చేయొద్దు, జంపర్ పెట్టొద్దు. పేలుతుంది. వెచ్చటి చోటికి తెచ్చి పూర్తిగా కరిగాక, డబ్బా పగలలేదని చూసుకున్నాకే దాని జోలికి పోవాలి.

పాటల పెట్టెకు, ఫోన్ చార్జర్‌కు ఒక బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసుకుంటున్నాం. ఏమైనా అవుతుందా?

అవుతుంది. మన డ్రైవర్లందరూ చేసేదే ఇది, ఆ తీగ తెగ్గొట్టడమే నేను రెండో పనిగా పెట్టుకుంటాను. రెండు బ్యాటరీలు వరసలో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్‌కు కనిపించేది మొత్తం వోల్టేజీ మాత్రమే. కింది బ్యాటరీ నుంచి రోజూ కొంత తాగేస్తుంటే అది ఎప్పుడూ అరకొర చార్జ్‌లో ఉంటుంది, పై బ్యాటరీ ఎక్కువ చార్జ్ అయి నీళ్లు మరిగించుకుంటుంది. ఆరు నెలల్లో రెండూ రెండు రకాలుగా చస్తాయి. మంచులో అయితే ఆ అరకొర బ్యాటరీ ముందు గడ్డకడుతుంది. 24 నుంచి 12కు దించే డీసీ కన్వర్టర్ ఒకటి కొని దానినుంచి తీసుకోండి. దానికి విడిగా ఫ్యూజ్, స్విచ్ పెట్టండి.

డైనమో ఉంచాలా, ఆల్టర్నేటర్ వేయాలా?

మార్చండి. పాత బండ్లలో చార్జింగ్‌కు ఉండే డైనమో, ఇంజన్ స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) తిరిగేటప్పుడు దాదాపు ఏమీ చార్జ్ చేయదు. ఘాట్‌లో మంచు వల్ల వరసగా బండ్లు ఆగిపోయి, ఇంజన్ స్లోలో, లైట్లు, వైపర్, హీటర్ ఫ్యాన్ తిరుగుతూ రెండు గంటలు ఉన్నారంటే డైనమో బండి బ్యాటరీని తినేస్తుంటుంది. ఆల్టర్నేటర్ స్లోలోనే కొంత ఇస్తుంది, పైగా కరెంటు బ్యాటరీ నుంచి డైనమోకు వెనక్కి పోకుండా ఆపే కటౌట్ మాటిమాటికీ అతుక్కుపోయే బాధ ఉండదు.

మార్చేముందు ఒక్కటి చూసుకోండి. కొన్ని పాత బండ్లు ప్లస్ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌కు బదులు ప్లస్‌ను చాసిస్‌కు కలిపినవి. అలాగే ఉంచి ఆల్టర్నేటర్ కలిపారంటే డయోడ్లు క్షణంలో పోతాయి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, చార్జింగ్ వస్తోందా లేదా అని చూసే డైనమో కాలపు అలవాటు మానుకోవాలి. ఆ ఒక్క తడవతోనే రెగ్యులేటర్ పోతుంది.

చార్జింగ్ వోల్టేజీ ఎంత పెట్టాలి?

మన వేసవిలో 28 వోల్టుల దగ్గర ఉంటే చాలు. చల్లటి బ్యాటరీ చార్జ్ తీసుకోవడానికి ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. సెల్లుకు, డిగ్రీకి 3 నుంచి 4 మిల్లీవోల్టుల లెక్కన 12 సెల్లులకు, 40 డిగ్రీల తేడాకు ఒకటిన్నర నుంచి రెండు వోల్టులు. ఇక్కడి సెట్టింగ్‌తోనే అక్కడ వారం తిరిగితే బ్యాటరీ ఎప్పటికీ నిండదు. అక్కడి సెట్టింగ్‌తో ఇక్కడికి తిరిగొస్తే మే నెలలో యాసిడ్ కుతకుతలాడుతుంది. వేడిని చూసి తనంతట తానే సర్దుకునే రెగ్యులేటర్ వేయించుకుంటే ఈ గొడవ ఉండదు. లేదంటే బయల్దేరేముందు ఒకసారి, తిరిగొచ్చిన వారంలో ఒకసారి మార్పించుకోండి.

పాత వైరింగ్ అంతా పీకేయాలా?

చేత్తో మడిస్తే తొడుగు పెళుసుగా విరుగుతుంటే పీకేయాలి. మెత్తగా ఉంటే కనెక్టర్లు శుభ్రం చేసి, ఫ్యూజుల సంఖ్య పెంచితే సరిపోతుంది. పగలు ఎండ, రాత్రి మంచు ఉన్నచోట కనెక్టర్ల లోపల చెమ్మ పడుతుంది, మన దుమ్ము దానికి తోడైతే లోపల బురద. కాన్వాయ్ లైట్ల తిప్పుడు స్విచ్ ఉన్న బండిలో ఆ స్విచ్ తప్పకుండా విప్పి చూడండి, హెడ్‌లైట్ల కరెంటంతా దానిలోంచే పోతుంటే రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) వేసి దాని బరువు దించండి. బయటినుంచి కరెంటు అందుకునే లావు సాకెట్ ఉన్న బండి దొరికితే దాన్ని పీకి పాత సామాన్లకు అమ్ముకోవద్దు. బానెట్ తెరవకుండా, బ్యాటరీ పెట్టె ముట్టకుండా పక్క బండి నుంచి స్టార్టింగ్ తీసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు.

సెల్ఫ్ మోటర్ విప్పించినప్పుడు బెండిక్స్ (సెల్ఫ్ పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజన్‌కు కలిపే భాగం) మీద గ్రీజు నిండా పూయనీయొద్దు. చలికి అది జిగురై పళ్లచక్రం ముందుకు రాదు.

గ్లో ప్లగ్గులు లేవు. ఇంజన్ కింద మంట పెడితే?

డీజిల్‌ను నేరుగా సిలిండర్‌లోకే కొట్టే పెద్ద ట్రక్కుల డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లకు మామూలుగా గ్లో ప్లగ్గులు, అంటే స్టార్టింగ్‌కు ముందు లోపల వేడిచేసే ప్లగ్గులు, ఉండవు. గాలి లోపలికి పోయే మానిఫోల్డులో హీటర్ పెట్టించుకోవచ్చు. దానికి విడిగా లావు తీగ, రిలే, ఫ్యూజ్ ఉండాలి. ఇంకా మేలైనది డీజిల్‌తో మండి ఇంజన్ కూలెంట్‌ను వేడిచేసే చిన్న హీటర్. 24 వోల్టుల మీద తక్కువ కరెంటుతో నడుస్తుంది, ఇంజన్‌ను ముందే గోరువెచ్చగా చేస్తుంది. ఖర్చు ఎక్కువే గాని, చలికాలమంతా అక్కడ ఉండేవాళ్లకు నేను దీన్నే చెబుతాను.

మంట వద్దు. ఏళ్ల తరబడి ఆయిల్, గ్రీజు పట్టిన ఇంజన్, దాని పక్కనే మీరు కొత్తగా వేసిన రబ్బరు కేబుళ్లు, డీజిల్ పైపులు. తొందరగా స్టార్ట్ కావడానికి గాలిదారిలో కొట్టే ఈథర్ స్ప్రే కూడా హీటర్ ఉన్న ఇంజన్‌లో కొట్టొద్దు, మానిఫోల్డులోనే పేలుతుంది.

కరెంటు అంతా సరిచేసినా స్టార్ట్ కాకపోతే?

డీజిల్ చూడండి. మన బంకుల్లో దొరికేది మన వాతావరణానికి తగ్గ డీజిల్. దేశపు ప్రమాణాల్లోనే పోర్ పాయింట్‌కు, అంటే డీజిల్ పారడం ఆగిపోయే ఉష్ణోగ్రతకు, వేసవిలో 15 డిగ్రీలు, చలికాలంలో 3 డిగ్రీలు పరిమితి. మైనస్ 20లో అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్ కోసం మైనస్ 33 పోర్ పాయింట్ ఉన్న చలికాలపు డీజిల్ తెచ్చింది. ఇక్కడ నింపిన ట్యాంకు అయిపోయేట్టు చూసుకుని, పైకి పోయాక అది నింపుకోండి. సెల్ఫ్ బాగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టి బ్యాటరీని దించొద్దు, ముందు ఫిల్టర్ విప్పండి.

ఆయిల్ కూడా అంతే. డబ్బా మీద 15డబ్ల్యూ (చలిలో ఆయిల్ ఎంత పలుచగా ఉంటుందో చెప్పే గుర్తు, అంకె తగ్గేకొద్దీ పలుచన) అని రాసినదాన్ని మైనస్ 20 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర తిప్పి పరీక్షిస్తారు. పలుచటి ఆయిల్ వేయడమంటే సెల్ఫ్‌కు బరువు తగ్గించడమే. రేడియేటర్‌లో బోరు నీళ్లతో ఎవరూ పోవద్దు, సగం సగం కలిపిన కూలెంట్ మైనస్ 37 దాకా ఆగుతుంది.

ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు వేస్తే కరెంటు మిగులుతుంది కదా?

మిగులుతుంది. కానీ హాలోజన్ వేడికి అద్దం మీద మంచు కరుగుతుంది, ఎల్‌ఈడీ అద్దం చల్లగానే ఉండి మంచు పేరుకుంటుంది. వెనక లైట్లు, క్యాబిన్ లైట్లు ఎల్‌ఈడీకి మార్చి, హెడ్‌లైట్లు హాలోజన్‌లోనే ఉంచమంటాను.

ఇక్కడే చలిలో పరీక్షించే దారి ఉందా?

బండిని కాదుగాని బ్యాటరీని పరీక్షించొచ్చు. తెలిసిన ఐస్‌క్రీం గోడౌన్ వాళ్లను అడిగి, పూర్తి చార్జ్ చేసిన బ్యాటరీని ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున బయటికి తీసిన వెంటనే, ఎక్కువ కరెంటు లాగి వోల్టేజీ ఎంత నిలుస్తుందో చూపించే లోడ్ టెస్టర్ పెడతాను. బయట పెట్టగానే డబ్బా మీద తెల్లగా మంచు పొడి లేస్తుంది, పట్టుకుంటే వేళ్లు అతుక్కుంటాయి. కొత్తదాని ముల్లు కాస్త దిగి నిలబడుతుంది. రెండు వేసవులు చూసినదాని ముల్లు నిలబడకుండా జారిపోతూనే ఉంటుంది. యజమానికి అది కళ్లారా చూపించాక బ్యాటరీ మార్చమని నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు. చార్జ్ సరిగా లేని బ్యాటరీతో మాత్రం ఈ పని చేయొద్దు, ఫ్రీజర్‌లోనే పగులుతుంది. యాసిడ్ కారకుండా మూతలు బిగించి, తిండి పదార్థాలు లేని ఖాళీ ఫ్రీజర్‌లోనే, నిటారుగా పెట్టాలి.

మిలిటరీ రంగు అలాగే ఉంచుకోవచ్చా?

ఉంచకూడదు. 1989 మోటారు వాహన నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే. బయల్దేరేముందే మార్పించండి, రిజిస్ట్రేషన్ కాగితాల్లో కూడా.

మంచులో రాత్రి ఆపి, పొద్దున తీసేటప్పుడు ఏం చేయాలి?

ఆపేటప్పుడు బండి ముఖం గాలికి ఎదురుగా పెట్టొద్దు. మెయిన్ స్విచ్ ఆపేయండి. చలి మరీ ఎక్కువుంటే రెండు బ్యాటరీలూ విప్పి, మనుషులు పడుకునే గదిలోనే ఒక చెక్క మీద పెట్టుకోండి. విప్పలేకపోతే బ్యాటరీ పెట్టెకు లోపల థర్మాకోల్ కన్నా మందపాటి ఫోం షీటు మేలు, గ్యాసు పోయే సందు మాత్రం మూయొద్దు. ఇంటికొచ్చాక ఆ షీటు తీసేయాలి, లేకపోతే మన ఎండలో అదే పొయ్యి అవుతుంది.

పొద్దున ముందుగా లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆపి ఉన్నాయో చూడండి. ఇంజన్ బలాన్ని కంప్రెసర్‌కో వించ్‌కో కలిపే పీటీఓ విడిపించండి. క్లచ్ నిండా తొక్కి పట్టుకోండి, చిక్కబడిన గేర్ ఆయిల్‌ను కూడా సెల్ఫ్ తిప్పాల్సిన అవసరం తప్పుతుంది. హీటర్ ఉంటే దాని సమయం ఇవ్వండి. సెల్ఫ్ పది పదిహేను సెకన్లకు మించి పట్టొద్దు. వదిలి ఒక నిమిషం ఆగండి, ఆ నిమిషంలో బ్యాటరీ తేరుకుంటుంది, సెల్ఫ్ చల్లారుతుంది. ఇంజన్ అందుకున్నాక క్లచ్ వెంటనే వదలకుండా మెల్లగా వదలండి. ఆంపియర్ మీటర్ ముల్లు ప్లస్ వైపు బాగా వంగి, కాసేపటికి మధ్యకు రావడం మొదలయ్యేదాకా లైట్లు వేయొద్దు.